దుర్గ చేతిలో ఎర్ర ఎస్టీమ్

పలివెల మాణిక్యాలరావుగారికి ఒక మెటాడోర్ వ్యాన్ ఉండేది. చుట్టుపక్కల తోటల్లో కొబ్బరికాయలు ఎక్కించుకుని అంబాజీపేట మార్కెట్‌లో దింపి రావడం ఆయన పని. కూతురు వెంకటదుర్గకి సెలవులొస్తే చాలు, ఆ వ్యాన్‌లో ముందు సీటు ఆమెదే. తండ్రి గేరు మార్చినప్పుడు ఇంజను గొంతు ఎలా మారుతుందో వినేది. మలుపు ఎంత దూరంలో ఉండగా ఆయన ఆక్సిలరేటరు మీంచి కాలు ఎత్తుతున్నారో చూసేది. ఎవరూ నేర్పకుండానే చాలావరకు నేర్చేసుకుంది.

1992 ఎండాకాలంలో మాణిక్యాలరావుగారు తోటలో కాయల పోగు మీంచి జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నారు. బండి నిండా కాయ. తోలడానికి మనిషి దొరకలేదు. అప్పటికి దుర్గకి పందొమ్మిదేళ్ళు.

"నాన్నా, నేను తోలనా?"

"లోడు బండమ్మా. పైగా గట్టు రోడ్డు."

"మీరు పక్కనే కూచోండి. తప్పు చేస్తే చెప్పండి."

అంబాజీపేట చేరేదాకా ఆయన ఆమె చేతులూ కాళ్ళూ గమనిస్తూ కూర్చున్నారు. దిగాక, "బాగానే తోలేవు. కానీ మలుపులో బ్రేకు తొక్కుతున్నావు. మలుపు ముందే తొక్కాలి, మలుపులో కాదు," అన్నారు. దుర్గ ఆ సంవత్సరమే అమలాపురంలో లైసెన్సు తీసుకుంది. చెయ్యి బాగయ్యాక కూడా మాణిక్యాలరావుగారు వారానికి రెండు మూడు రోజులు పక్క సీట్లోనే కూర్చునేవారు.

రెండేళ్ళ తర్వాత దుర్గకి పెళ్ళయింది. భర్త గంగాధర్‌ది అప్పనపల్లి. మస్కట్‌లో ఒక కార్ల వర్క్‌షాపులో మెకానిక్కు. ఆయన అక్కడ, దుర్గ ఇక్కడ అత్తగారు రత్నంగారితో. కొబ్బరితోట, రెండు గేదెలు, వరిచేను. పనికి కొదవ లేదు గానీ స్టీరింగు మాత్రం లేదు. రోడ్డు మీద లారీ గేరు మారుస్తూ వెళ్తుంటే, పెరట్లో ఉన్న దుర్గ ఎడమచెయ్యి దానంతటదే కదిలేది.

2000లో గంగాధర్ మస్కట్ మానేసి వచ్చేశాడు. వస్తూనే విశాఖపట్నం వెళ్ళి ఒక పాత ఎస్టీమ్ కారు కొన్నాడు. ఎర్రది. అంతకుముందు దాన్ని నడిపినవాడెవరో కారు పందేల పిచ్చి ఉన్న కుర్రాడు. వెడల్పు టైర్లు వేయించాడు, స్టీరింగు తీసి చిన్నది పెట్టించాడు, ముందు రెండు సీట్లూ ఒంటిని రెండువైపులా పట్టి ఉంచేవి బిగించాడు. రత్నంగారు అందులో మొదటిసారి కూర్చుని, "ఏవిట్రా ఇది, గంపలో కూచోబెట్టినట్టుందీ?" అన్నారు.

మస్కట్‌లో స్టీరింగు ఎడమవైపు. అన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా గంగాధర్ కుడిచెయ్యి వెళ్ళి తలుపుకి కొట్టుకునేది. అవతల పెద్ద పెద్ద రోడ్ల మీద హాయిగా తోలిన మనిషికి మన కాలవగట్లు చూస్తే చెమట పట్టేది.

కారు వచ్చిన వారానికే ముగ్గురూ రాజోలు నుంచి ఇంటికి వస్తున్నారు. గట్టు మీద సగం దూరం వచ్చాక ఎదురుగా యాత్రికుల మినీబస్సు. అప్పనపల్లి గుడిలో దర్శనం చేసుకుని తిరిగి వెళ్తున్నారు. ఒకవైపు కాలవ, ఇంకోవైపు చేలు, మధ్యలో ఒక్క బండికే చోటు. బస్సు వెనక్కి వెళ్ళే వీలు లేదు. కారు వెనక చిన్న వంతెన దగ్గరే కాస్త వెడల్పుంది. గంగాధర్ వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. నాలుగు గజాలు తీసి ఆపడం, తల బయట పెట్టి చూడడం, మళ్ళీ తీయడం. ఇంతలో వెనక చక్రం గట్టు అంచుకి జారింది. మట్టి పెళ్ళ ఊడి కాలవలో పడింది.

"ఒరేయ్, ఈతొచ్చినవాళ్ళం కాదురా!" అన్నారు వెనకనుంచి రత్నంగారు.

దుర్గ నెమ్మదిగా, "ఏవండీ, ఒకసారి ఇటు వస్తారా, నేను తీస్తాను," అంది.

గంగాధర్ ఆమెకేసి చూసి, దిగి, పక్క సీట్లోకి వచ్చాడు. దుర్గ సీటు ముందుకి జరుపుకుంది. ముందు మొదటి గేరులో చక్రాన్ని అంచు మీంచి పైకి లాగింది. తర్వాత ఎడమచెయ్యి పక్క సీటు మీద వేసి, పూర్తిగా వెనక్కి తిరిగి, కారుని వదిలింది. రివర్సు గేరు ఈలలా మోగుతుంటే కారు దారం లాగినట్టు గట్టు నడిమధ్యన వెనక్కి పోయింది. మధ్యలో ఉన్న వంపు దగ్గర కూడా ఆగలేదు. వంతెన పక్కకి వచ్చి నిలబడింది. బస్సు డ్రైవరు దాటిపోతూ తల బయట పెట్టి, "సెబాసమ్మా!" అన్నాడు.

ఆ సాయంత్రం గంగాధర్ చక్రాలకంటిన మట్టి కడిగాడు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగాక తాళం తెచ్చి దుర్గ చేతిలో పెట్టాడు. "నేను బండి బాగు చేస్తాను. నువ్వు తోలు. ఎవరికొచ్చింది వాళ్ళం చేద్దాం," అన్నాడు. రాత్రంతా ఆలోచించుకుని అన్న మాట అది. దుర్గకి ఆ రోజు భర్త మీద కలిగిన ఇష్టం పెళ్ళిలో కూడా కలగలేదట. నేను ఆవిడ దగ్గర కారు నేర్చుకున్న రోజుల్లో ఈ మాట ఆవిడే నాతో చెప్పింది.

ఇక ఆవిడని పట్టేవాళ్ళు లేరు. పొద్దున్నే, స్కూలు సైకిళ్ళు రోడ్డెక్కకముందే, దిండి వైపు వెళ్ళేది. మలుపు ముందు రెండో గేరుకి దించడం, ఇంజను ఒక్కసారి గొంతు పెంచడం, కారు ముక్కు లోపలివైపుకి తిరగ్గానే మళ్ళీ ఆక్సిలరేటరు తొక్కడం. చిన్న స్టీరింగు లోంచి రోడ్డు మీది ప్రతి గరుకూ అరచేతికి తెలిసేది. జనం ఉన్నచోట ఎడ్లబండి కన్నా నెమ్మదిగా వెళ్ళేది. ఖాళీ దొరికిన చోట తొక్కకుండా వదిలిపెట్టేది కాదు. పక్కన రత్నంగారు కొప్పు సరిచేసుకుంటూ, "ఇంకాస్త తొక్కవే, ఆ లారీ వెనకాల దుమ్ము తినలేను," అనేవారు.

"మీ కోడలు కారు తోల్తోందంటగా రత్నంగారూ?" అని ఎవరో ఆరా తీస్తే, "ఆయ్, తోల్తోందండీ. ఎక్కండి, మిమ్మల్నీ తిప్పుద్ది," అన్నారావిడ.

2003 వేసవిలో కాకినాడ మోటారు క్లబ్బు ఒకటి రావులపాలెం దగ్గర గోదావరి ఇసుకలో కార్ల పోటీ పెట్టింది. ఏరు సన్నగా ఓ పక్కకి పోయి, తిన్నె తెల్లగా మైదానంలా ఉంది. డ్రమ్ములు పెట్టి, వాటి చుట్టూ తిరిగి రావాలన్నారు. ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్ళు గెలిచినట్టు. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు.

పేర్లు రాసుకుంటున్న శ్రీనివాసరావుగారు గంగాధర్ వైపు చూసి, "తమరి పేరండీ?" అన్నారు.

"నాది అక్కర్లేదండీ. ఆవిడది రాసుకోండి."

మొదటిసారి దుర్గ తండ్రి చెప్పినట్టే చేసింది. డ్రమ్ముకి ముందు బ్రేకు తొక్కింది. అంతే, ముందు చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. నలుగురు వచ్చి తోశారు. దిగి వచ్చిన దుర్గ మొహం ఎర్రగా ఉంది. సిగ్గుతో కాదు, పట్టుదలతో.

గంగాధర్ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని అప్పటికే టైర్లలో గాలి తీస్తున్నాడు. "ఇది రోడ్డు కాదు దుర్గా. ఇసకలో బ్రేకేస్తే బండి తన గొయ్యి తనే తవ్వుకుంటది. ఎడారిలో మేం గాలి సగం తీసేసేవాళ్ళం. వేగం తగ్గాలంటే కాలు ఎత్తు, చాలు."

"స్టీరింగో?"

"ముందే తిప్పు. ఇక్కడ బండి ఆలస్యంగా వింటది."

రెండోసారి దుర్గ బ్రేకు అన్నది ఒకటుందని మర్చిపోయింది. డ్రమ్ము ఇంకా దూరంగా ఉండగానే స్టీరింగు తిప్పి కాలెత్తింది. కారు వినలేదు. తిన్నగా పోతోంది, పోతోంది, అప్పుడు వెనక భాగం మెల్లగా పక్కకి జారింది. కారు పక్కవాటుగా పోవడం ఆమెకి జన్మలో అదే మొదలు. భయం రాలేదు. ఏం చెయ్యాలో చేతులకి తెలిసిపోయింది. స్టీరింగు కొంచెం ఎదురు తిప్పి, మళ్ళీ ఆక్సిలరేటరు తొక్కింది. ముక్కు లేచి, ఇసుక రెక్కలా విసురుకుంటూ కారు డ్రమ్ముని చుట్టేసింది. గట్టు మీద జనం అరుస్తున్నారు. లోపల దుర్గ ఒక్కతే పకపకా నవ్వుతోంది.

మొదటి బహుమతి విశాఖ నుంచి జిప్సీ జీపులో వచ్చిన శ్రీరాములుకి వెళ్ళింది. దాని నాలుగు చక్రాలూ లాగుతాయి మరి. రెండోది దుర్గకి. మామూలు కార్లలో ఆమెదే ముందు. శ్రీరాములు వెతుక్కుంటూ వచ్చి, "ఇసకలో ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు.

"ఇవాళ పొద్దున్న, ఇక్కడేనండీ," అంది దుర్గ.

ఆ తర్వాత నెల తిరక్కుండానే, రాజోలు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే నాగదుర్గ వీళ్ళింటికి వచ్చి, తనకీ నేర్పమంది. ఆమెని చూసి ఇంకో ఇద్దరు టీచర్లు. మరుసటేడు గంగాధర్ ఒక పాత మారుతి ఎనిమిదివందలు కొని, పక్క సీటు వైపు కూడా బ్రేకు అమర్చాడు. దుర్గ డ్రైవింగ్ స్కూలు అలా మొదలైంది. ఆమె దగ్గర మొదటి పాఠం ముందుకి వెళ్ళడం కాదు, వెనక్కి రావడం. గట్టు మీద కారుని వెనక్కి తీయగలిగినవాళ్ళకి ఎదురొచ్చే బండి అంటే ఇక బెరుకుండదని ఆమె నమ్మకం.

ఒకరోజు రత్నంగారు కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. కళ్ళంలో మూడు చుట్లు తిప్పారు. రెండో గేరు వెయ్యమంటే మాత్రం ఒప్పుకోలేదు. "నువ్వు తొక్కితే బావుంటది గానీ, నేను తొక్కితే గుండె దడదడలాడుతోందే," అని దిగిపోయారు.

ఆ మొదటి ఏడుతో కలిపి ఇసుక పోటీకి దుర్గ వరసగా మూడేళ్ళు వెళ్ళింది. ఒకసారి మూడో స్థానం. ఇంకోసారి కారు మధ్యలోనే కూరుకుపోయి ఆఖరిదాకా వెళ్ళనేలేదు. ఆ ఏడే అందరికన్నా గట్టిగా తొక్కానని చెబుతుంది. ఎస్టీమ్‌కి రంగు వెలిస్తే గంగాధర్ మళ్ళీ ఎర్రరంగే వేయించాడు.