కాక కుర్చీ ముందు లైను

గురువారం మధ్యాహ్నం మా క్యాంప్‌లో జుట్టు కత్తిరించే కాక చనిపోయాడు. శుక్రవారం పొద్దున ఆఫీసు తలుపు పక్కనున్న తెల్లబోర్డు మీద 'ఇండియన్స్' అని రాసిన చోట అంకె ఒకటి తగ్గింది. క్లర్కు పాత అంకెను అరచేత్తో తుడిచి, కొత్తది రాసి, చేతికంటిన రంగు ప్యాంటుకు రాసుకుని చాయ్ తాగడానికి పోయాడు. కాకకు ఆఫీసు చేసిన మర్యాద అంతే.

ఆ బోర్డు సంగతి తెలియనివాళ్ళకు చెప్తాను. మా క్యాంప్ గల్ఫ్‌లో, అల్ షహానియా వైపు, ఒంటెల పందేల మైదానానికి ఇవతల ఉంటుంది. ఏ దేశం వాళ్ళు ఎంతమందో రోజూ పొద్దున ఆ బోర్డు మీద రాస్తారు. ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, కెన్యా. రూములు కూడా ఆ వరుసలోనే ఇస్తారు. అయితే తిండి దగ్గర ఎవరి బల్ల వాళ్ళదని ఆఫీసు ఎక్కడా రాయలేదు. అది మేమే పెట్టుకున్నాం. తప్పంతా ఆఫీసు మీదికి తోసి చేతులు దులుపుకోవడం నాకు రాదు.

ఆ క్యాంప్‌లో అందరూ కూర్చునేది ఒక్కటే ఉండేది, కాక కుర్చీ. తెల్ల ప్లాస్టిక్ కుర్చీ, ఒక కాలు విరిగితే ఇనుప తీగతో కట్టాడు. వారమంతా సైటులో చువ్వలు కట్టే చేతులు కదా, ఆ కట్టు మళ్ళీ ఊడలేదు. శుక్రవారం సెలవు. ఆ పొద్దున నీళ్ళ ట్యాంకు నీడలో కుర్చీ వేసి, కిటికీలోంచి వైరు లాగి జుట్టు కత్తిరించే మిషన్ పెట్టేవాడు. మాకు ఆయన కాక, అంటే బాబాయి. నేపాలీలకు దాయి, బంగ్లా వాళ్ళకు చాచా. కెన్యా వాళ్ళు మ్జీ అనేవాళ్ళు, పెద్దాయన అని వాళ్ళ మాట. ఎవరు ఏమని పిలిచినా ఆయన రెండు వేళ్ళతో తల మీద తట్టేవాడు. కుడివైపు తడితే కుడికి తిరగాలి, నడినెత్తిన తడితే వంచాలి. ఆ భాష అందరికీ వచ్చు.

"కుర్చీల కూసున్నంక ఎవనికైన ఒక్కటే పని. తల కదపకుండ ఉండుడు," అనేవాడు.

లైనుంటే లైనే. ఒకసారి మా తెలుగువాళ్ళు కొందరు కలిసి అడిగారు. "కాకా, నువ్వు మనోనివి. మనోళ్ళను ముందు కానియ్యి." కాక మిషన్ ఆపకుండానే, "మనోడంటే ఎవడు? నీ ఊరు పక్కన నా ఊరు. ఆడ ఎన్నడన్న నన్ను మనోడన్నవా?" అన్నాడు. అడిగినవాడు నవ్వాడు. మిగిలినవాళ్ళం నేలచూపులు చూశాం.

ఎందుకంటే నిజమే. కాకది మా పక్క ఊరే. మా దగ్గర ఆయన కులం వాళ్ళు క్షవరం చేయడానికి వస్తే వాకిట్లోనే కూర్చుంటారు. మా నాయన పీట మీద, వాళ్ళు మట్టి మీద. అరుగు ఎక్కనివ్వడు. పదో తరగతి తప్పి, ఫోనులో దొరికింది దొరికినట్టు చదివి, నాకు అన్నీ తెలుసనుకున్నాను. ఇది మాత్రం నాకు అన్యాయంగా కనపడలేదు. ఇల్లంటే అట్లాగే ఉంటుందనుకున్నాను.

కెన్యా వాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు జరిగింది చెప్పాలి. వాళ్ళలో పొడుగ్గా ఉండే ఒకతను, స్కాఫోల్డింగ్ పనిచేసేవాడు, తిన్నగా వచ్చి లైన్లో నిలబడ్డాడు. కాక అలాంటి బిగి ఉంగరాల జుట్టు ముట్టుకోవడం అదే మొదలు. మా తలలకు చేసినట్టే నీళ్ళు చల్లి దువ్వెన పెట్టాడు. దువ్వెన పళ్ళు రెండు విరిగాయి. కత్తెర పెడితే ఒకచోట గుంట, ఒకచోట గుట్ట. సరిచేయబోయి ఇంకా పాడుచేసి, చివరికి బ్లేడు తీసి గుండు చేసేశాడు.

మాకు గుండంటే రెండే. తిరుపతి, లేదా ఇంట్లో తండ్రి పోవడం. ఇతనికి తిరుపతి మొక్కు ఎట్లా ఉంటుంది? అందుకని సాయంత్రానికి క్యాంపంతా పాకింది, పాపం కెన్యా పిల్లగాని తండ్రి పోయాడని. నేపాలీలకూ అదే ఆచారం, వాళ్ళూ నమ్మారు. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి అతని భుజం పట్టుకోవడం, తల ఊపడం. చావింట్లో పొయ్యి వెలిగించరని మా గోదావరి మేస్త్రీ పప్పూ అన్నం వండించి గిన్నెతో తీసుకెళ్ళాడు. "తినాలి బాబూ. నువ్వు తినకపోతే పోయినాయన తిరిగొస్తాడా," అన్నాడు తెలుగులోనే. అతను శుభ్రంగా తిని థాంక్యూ చెప్పాడు.

చివరికి మావాడొకడు, "పాపా ఖలాస్?" అని ఆకాశం చూపించాడు. కెన్యా అతను తినే చెయ్యి ఆపేశాడు. "నో నో. పాపా గుడ్. యెస్టర్‌డే ఫోన్." అన్నాడే గానీ చుట్టూ అన్ని ఏడుపు మొహాలు చూసి భయమేసి, అప్పటికప్పుడు ఇంటికి ఫోన్ చేశాడు. అవతల తండ్రి గొంతు వినపడగానే కింద కూర్చుండిపోయాడు. అందరూ నవ్వారు. కాక ఒక్కడే నవ్వలేదు. అతని దగ్గరికెళ్ళి, తన తల చూపించి, వేలు పైకి చూపించి, వచ్చీరాని హిందీలో మా ఆచారమంతా చెప్పాడు. "గల్తీ నాది," అన్నాడు.

జుట్టు పెరిగాక అతనే కాకకు నేర్పించాడు. నీళ్ళు వద్దు, దువ్వెన వద్దు, పొడి జుట్టు మీద మిషన్ ఎదురు నడపాలని. యాభై దాటిన కాక అతని చేతి కింద తన చెయ్యి పెట్టి నేర్చుకున్నాడు. "ఎంటిక ఎట్ల మొలిసిందో మిషన్ అట్ల నడవాలె. మనం చెప్పినట్టు అది మొలవది గద," అన్నాడు. తర్వాత కాకకు చేతులు నొప్పి పెట్టినప్పుడు మిషన్ అతనే పట్టేవాడు.

నాకు మింగుడుపడనిది అదే. ఒక శుక్రవారం నా ముందు అతని తల అయింది. కాక అదే మిషన్, అదే తువ్వాలు దులిపి నన్ను పిలిచాడు. "వేరే తువ్వాల లేదా?" అన్నాను. "మిషన్ గూడ మార్చు. వాళ్ళ తల మీద పెట్టింది నాకద్దు."

కాక తువ్వాలు మడతపెట్టి కుర్చీ వీపు మీద వేశాడు. "మీ నాయన మమ్ముల అరుగు ఎక్కనియ్యలే. నువ్వు గీయనను కుర్చీ ఎక్కనియ్యవు. ముప్పై కిలోల సామాన్ల గీ బుద్ధి ఏడ పెట్టి తెచ్చినవ్ రా?" అన్నాడు. లైనంతా నవ్వింది. నాకు మండింది. "నీ కుర్చీల మల్ల కూసుంటే అడుగు," అని వచ్చేశాను.

కూర్చోలేదు. నెలలు. బయట దుకాణంలో చేయించుకున్నాను. బస్సులో కాక నా వెనక సీట్లో ఉంటే మెడ మీద ఆయన చూపు తెలిసేది. "ఎవడురా గిది గీకింది? కోడి గెలికినట్టున్నది," అనేవాడు. కోపం కాదు. పని బాగాలేదని అంతే. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

అయినా ప్రతి శుక్రవారం ట్యాంకు వైపు చూసేవాణ్ణి. చివర్లో కాక చీపురు పట్టేవాడు. తిన్నని వెంట్రుకలు, ఉంగరాల వెంట్రుకలు, తెల్లవి, గోరింటాకు పెట్టిన ఎర్రవి అన్నీ ఒకే కుప్పగా ఊడ్చి ఒకే సిమెంటు సంచిలో పోసేవాడు. మా క్యాంప్‌లో ఎవరెవరున్నారో ఆ బోర్డు కంటే ఆ సంచి సరిగ్గా చెప్పేది.

కాక పోయిన ఆ గురువారం పొద్దున బస్సు దిగేటప్పుడు అడిగాను. రాత్రంతా మాటలు కూడబెట్టుకుని ఇంత మాత్రమే అన్నాను. "కాకా, రేపు ఖాళీ ఉంటదా?"

కాక నా వంక కూడా చూడలేదు. హెల్మెట్ పెట్టుకుంటూ, "లైన్ల నిలవడు. ముందొచ్చినోడు ముందు," అన్నాడు. మూతి చివర నవ్వు ఉంది. నేను చూశాను.

మధ్యాహ్నం విరామంలో చువ్వల కట్టకు ఆనుకుని కూర్చున్నాడు. యల్లా, పదండి అని ఫోర్‌మన్ పిలిస్తే లేవలేదు. గుండె ఆగిందన్నారు. చేయాల్సినవన్నీ ఊళ్ళో కొడుకు చేస్తాడు, ఇక్కడ మాకు చేయడానికి ఏమీ లేదనుకున్నాం.

శుక్రవారం పొద్దున కుర్చీ బయటికొచ్చింది. వేసింది కెన్యా అతను. అద్దం ముందు నిలబడి బ్లేడుతో తన తల తనే గొరుక్కుంటున్నాడు. మావాళ్ళు అడిగితే, "మ్జీ టోల్డ్ మీ. ఫాదర్ ఖలాస్, హెయిర్ ఖలాస్," అన్నాడు. ఈసారి గుండు పొరపాటున కాదు. తండ్రి లేని నేపాలీ ఎలక్ట్రీషియన్ ఒకతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అతని వెనక నేను నిలబడ్డాను.

"ఏయ్, నాయన బతికుండంగ గుండు చేస్కుంటరారా? అరిష్టం," అని మావాడొకడు నా చెయ్యి పట్టి లాగాడు. నిజానికి నాకూ భయమేసింది. మా నాయన గుర్తొచ్చాడు, పీట గుర్తొచ్చింది. చెయ్యి విడిపించుకున్నాను. నా వంతు వచ్చింది. తువ్వాలు అదే. కెన్యా అతను రెండు వేళ్ళతో నా నడినెత్తిన తట్టాడు. తల వంచాను. కదపలేదు.

సాయంత్రం వీడియో కాల్‌లో నాయన నా గుండు చూసి ఫోన్ మొహం దగ్గరికి లాక్కున్నాడు. "ఎవలు పోయిండ్రు రా?" అన్నాడు.

"కాక పోయిండే."

"ఏ కాక? మీ కాకలిద్దరు ఈడనే ఉన్నరు గద."

"ఇంకో కాక ఉండె నాయనా," అన్నాను. ఎవరో, ఏ కులమో, ఏ ఊరో అన్నీ చెప్పాను. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. "ఎండల తిరుగుతవు. నెత్తికి గుడ్డ కట్టుకో," అన్నాడు.

శనివారం బస్సు కదిలాక హెల్మెట్ నా కళ్ళ మీదికి జారింది. కింద జుట్టు లేదు కదా. హెల్మెట్ వెనక బిగించే చక్రం పట్టుకుని తిప్పి బిగించుకున్నాను, కర్ర్ మని. ముందు సీట్లో నేపాలీ ఎలక్ట్రీషియన్ తిప్పుకున్నాడు. నా వెనక, ఇదివరకు కాక కూర్చునే సీట్లో ఉన్న కెన్యా అతని దగ్గర్నుంచి, అదే చప్పుడు వచ్చింది.