సత్యకుమారి డిక్కీ

లేసు కంపెనీ బల్ల మీద, అందరూ చూస్తుండగా, సత్యకుమారి అల్లిన టేబుల్‌క్లాత్‌ని పెద్దిరాజు విప్పి దాని మీది గోధుమరంగు మచ్చల్ని వేలితో చూపించాడు. సత్యకుమారి ఇంట్లో తుప్పు పట్టిన పెట్టె ఉందని, లేసు అందులో దాచి ఉంటుందని మేనేజరుతో చెప్పాడు. మొగల్తూరులో అల్లిన లేసుని నరసాపురం చేరవేసే ఏజెంటు ఆయన. సత్యకుమారి ఇంట్లో అసలు ఇనప్పెట్టే లేదు. లేసుని పాత నూలుచీరలో చుట్టి మంచం మీద పెట్టుకునేది. ఆ మాట చెప్పబోయేసరికి మేనేజరు ఇంకో మూట విప్పుతున్నాడు. ఆ రోజు నుంచి ఆమెకి దారం ఇవ్వడం మానేశారు. ఆమె అరుగు మీద కూర్చుని అల్లే ఆడవాళ్ళు వేరే అరుగులు చూసుకున్నారు. పొయ్యి వెలగాలి కదా, వాళ్ళని అనడానికేముంది?

కంపెనీ వెనక్కిచ్చిన ఆ మచ్చల గుడ్డని ఆమె పారెయ్యలేదు.

మరుసటి వేసవిలో స్టవ్వు స్టాండు అతికించుకోడానికి ఐజాక్ షెడ్డుకి వెళ్ళింది. ఐజాక్ కార్లకి రేకుపని చేసే మేస్త్రి. పెద్దిరాజు పాత కారు అక్కడ తుక్కు కింద అమ్మకానికి పడి ఉంది. డిక్కీలో చిరిగిన రబ్బరు మ్యాటు, ఆ చిరుగుల చుట్టూ తుప్పు. పొద్దున రొయ్యల పెట్టెలు, మధ్యాహ్నం లేసు మూటలు మోసిన డిక్కీ అది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు మ్యాటు కింద నిలిచి రేకుని జల్లెడ చేసేశాయి. సత్యకుమారి ఇంటికెళ్ళి ఆ గుడ్డ తెచ్చి, మూట కట్టినప్పటి మడతల్లోనే మ్యాటు మీద పరిచింది. ఒక్కో మచ్చా వెళ్ళి ఒక్కో చిరుగు మీద కూర్చుంది.

కంపెనీకి పోయి నిలదీద్దామన్నాడు ఐజాక్. ఆమె తల అడ్డంగా ఊపింది. పాత మచ్చ గురించి ఎంత అరిచినా పెద్దిరాజు ఇంకో కథ చెబుతాడు. తన చేతి లేసు తెల్లగా ఆ బల్ల మీదికి చేరాలి, అప్పుడే దారం తిరిగి వస్తుంది. అందుకని ఆ కారే కొంటానంది.

"తుప్పుతో ఏం చేస్తారమ్మా, ఆవకాయ పెడతారా?" అన్నాడు ఐజాక్.

కొన్నాక కూడా పేచీయే. చిల్లులకి పుట్టీ పూసి రంగేస్తే కొత్తదానిలా ఉంటుందని అతని వాదన.

"అల్లికలో కన్ను తప్పితే పైన ఇంకోటి అల్లి దాచం మేస్త్రిగారూ. మంచి కన్ను వచ్చేదాకా విప్పేస్తాం. మీరూ విప్పండి."

అతను గొణుక్కుంటూనే కోశాడు. గట్టి రేకు మెరిసేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగు చేశాడు. ఎమరీ కాగితంతో రుద్దుడంతా ఆమెదే. తుప్పు రాకుండా పూసిన రెడాక్సైడ్ ఆరాక రంగు, అడుగున పడవలకి పూసినట్టు తారు. తలుపుల అడుగున నీళ్ళు పోయే కంతలు మట్టితో పూడి ఉంటే పుల్లతో పొడిచి తెరిచింది. లోపలి బోలులో నూనె కొట్టించింది.

ఇంటి బోరు నీళ్ళు ఉప్పన, వాటితో కారు కడగనివ్వలేదు. కుళాయి నీళ్ళు బిందెలతో మోసింది. రొయ్యల చెరువుకి వాడే టార్పాలిన్ కప్పమని పక్కింటివాళ్ళు పోరితే, కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుందని గాలాడే పాక కింద నిలిపింది. సాయంత్రమయ్యేసరికి డిక్కీ తెరిచి ఆరబెట్టేది. కారుకి దిష్టి తీస్తోందని వీధి వీధంతా నవ్వింది. నవ్వేవాళ్ళ మధ్యే డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది.

కంపెనీ మెట్లు అరిగేలా తిరిగితే, ఒక్క మూటకి సరిపడా దారం ఇచ్చాడు మేనేజరు. వానల్లో తేవాలి, మచ్చ కనిపిస్తే మళ్ళీ రాకూడదని షరతు పెట్టాడు.

ముసురు పట్టిన రోజు చూసుకునే బయల్దేరింది. దారి పొడుగునా వాన. రోడ్డు మీద నీళ్ళు చక్రాలు సగం మునిగేలా పారుతున్నాయి. కంపెనీలో మేనేజరు ఒక్కో గుడ్డా దీపానికి ఎత్తి చూశాడు. అన్నీ మల్లెపూలే. అప్పుడామె పాత గుడ్డనీ, చిరుగుల మ్యాటునీ పక్కపక్కన పరిచింది. మచ్చకి చిరుగు జత కలిసేలా జరిపింది. పెద్దిరాజు డిక్కీలోంచి ఎన్నో మూటలు దింపించుకున్న మేనేజరు ఆ మ్యాటు వంక, తర్వాత గుమ్మంలో నించున్న పెద్దిరాజు వంక చూసి, దారం బస్తా ఆమె డిక్కీలో తనే పెట్టించాడు. వారం తిరక్కుండా అరుగు నిండింది.

ఈ వానాకాలం పెద్దిరాజు మూట చంకలో పెట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చాడు. కొత్త కారు డిక్కీ కూడా అదే రోగంతో ఐజాక్ షెడ్డులో ఉందట. చేతిలో రొయ్యల పెట్టె, దాని మూల నుంచి నీళ్ళ బొట్లు. "సత్యకుమారిగారూ," అని మొదటిసారి గారు తగిలించి, నరసాపురం దాకా ఎక్కించుకోమని అడిగాడు.

ఆమె డిక్కీ తెరిచి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచింది.

"మూట పెట్టండి పెద్దిరాజుగారూ. రొయ్యల పెట్టె మాత్రం మీ ఒళ్ళో పెట్టుకోండి."