ఊరు కూసున్నాకనే

భద్రాద్రి రాముడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. పినపాక అవతలి అడవి ఊళ్లో ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్మే ఒక అక్క దగ్గరికి ఖమ్మం దుకాణదారు ఒకణ్ణి తీసుకుపోయాను. శ్రీరామనవమికి అతనికి కొత్త పువ్వు లడ్డూలు కావాలి. చెట్ల కిందేమో పువ్వు పరుపులా రాలి ఉంది.

“ఇప్పపువ్వు పండుగ చెయ్యంది కొత్త పువ్వు ముట్టం సారూ,” అందామె.

“పండుగ ఎప్పుడు?”

“ఊరంత కూసోని చెప్తది.”

“గదెప్పుడు కూసుంటది?”

“అందరొచ్చినంక.” పక్కనున్న నేలను అరచేత్తో తట్టింది. “నువ్వు గూడ కూసో. రావాల్సినోళ్లల్ల ఒకడు తగ్గుతడు.”

ఏమడిగినా అదే తట్టుడు! బుర్ర వేడెక్కి, అరిచి జీపెక్కాడతను.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆ దుకాణదారు కల్పితం. అరిచి జీపెక్కింది నేనే. తర్వాత వెళ్లి ఆమె పక్కన కూర్చున్న నా దుకాణానికి ఎదురు కొట్టువాడే ఇప్పుడు ఆ లడ్డూలు అమ్ముతున్నాడు.