చిన్నమ్మ ఒక్కసారే చూసిన రీడింగ్

...కాబట్టి నిన్న అక్కడే ఆపేశాను, ఫోన్ వచ్చిన దగ్గర. ఈరోజైనా రాయాలి.

ఆ పొద్దున అమ్మమ్మకు షుగర్ చూస్తున్నాను. వేలు గుచ్చి నెత్తురు చుక్కను పట్టీకి అంటించాను. మిషన్ మీద అంకె రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లలోనే దవాఖాన నుంచి అమ్మ ఫోన్ చేసింది. "చిన్నమ్మ పోయింది బిడ్డా" అంది. డెంగ్యూ. జ్వరం మొదలై వారమే. అమ్మమ్మ నా ముఖం చూసి, "ఎంతొచ్చిందే? మస్తున్నదా?" అంది. ఆమె షుగర్ గురించే అడుగుతోంది. నేను అంకె చదివి చెప్పాను.

మీరంతా చిన్నమ్మకు శేరిగూడ కాలేజీలో ల్యాబ్ తోటివాళ్లు. మీ గైడ్ సార్ ఆమె గురించి చిన్న పుస్తకం వేస్తూ, ఇంటి తరఫున రెండు పేజీలు నన్ను రాయమన్నారు. స్కూల్లో అన్నీ ఇంగ్లిష్‌లోనే రాస్తాను. కానీ ఆమె మాటలు ఒక్కటీ ఇంగ్లిష్‌లో రావడం లేదు.

ఆమె చేసే పని ఏమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఆ షుగర్ పట్టీనే చేతిలో పట్టుకుని అమ్మమ్మకు చెప్పింది.

"గీ పట్టీ మీద ఎంజైమ్ అని ఒకటుంటదమ్మా. నీ నెత్తుర్ల ఉన్న చక్కెర నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుంటది. గని సీదా మిషన్‌కు ఇయ్యదు. నడుమ ఇంకో మందుండాలె, బ్రోకర్ లెక్క. నేను బ్రోకర్ లేకుండ ఇప్పిద్దామని చూస్తున్న."

"ఇబ్రహీంపట్నంల బ్రోకర్ లేకుంటె గజం జాగ కదలదు. నీ ఎలక్ట్రాన్ కదులుతదా?"

"గందుకే ఆరేండ్లయితుంది" అని చిన్నమ్మ పకపకా నవ్వింది.

అమ్మమ్మ పాలు పెట్టుకునే ఇనుప జాలి బీరువాను ల్యాబ్‌కు పట్టుకుపోయింది కూడా ఆమే. బయటి కరెంటు, ఫోన్ల అలజడి కొలతలో కలవకుండా గిన్నెనూ తీగలనూ అందులో పెట్టేది. "పిల్లి భయానికి కొన్న. నువ్వు దేని భయానికి తీస్కపోతున్నవ్?" అని అమ్మమ్మ అడిగితే, "నీ మనుమరాలి ఫోన్ భయానికి" అంది.

సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్లేది. షేర్ ఆటో ఎక్కగానే గాజులు తీసి సంచిలో వేసుకునేది. ల్యాబ్‌లో తడి గుడ్డ మీద తెల్లటి పొడి చల్లి, కార్బన్ ఎలక్ట్రోడ్ మొనను ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పుతూ రుద్దించేది. నేను గట్టిగా అదిమితే, "అల్కగ. అది నీ దుష్మన్ కాదు" అనేది. ద్రవంలోకి నైట్రోజన్ బుడగలు పోనిచ్చి, ఉన్న ఆక్సిజన్‌నంతా తరిమేశాకే కొలత మొదలు. "ఆక్సిజన్ పెద్ద దొంగ బిడ్డా. ఎలక్ట్రాన్ కనబడితే గుంజుకుంటది. తెర మీద చూస్తె అచ్చం ఎంజైమ్ లెక్కనే కొడ్తది." ఏదైనా మంచి ఫలితం వస్తే ఎగిరేది కాదు. "మూడుసార్లు రావాలె. ఒక్కసారొచ్చింది సుట్టం."

చివరిసారి వెళ్లినప్పుడు ఆమెకు ఒళ్లు వెచ్చగా ఉంది. అమ్మ వద్దంటున్నా వినలేదు. నైట్రోజన్ వదిలి, "ఇరవై నిమిషాలు పోనియ్యి. ముఖం కడుక్కుని జర కూసోని వస్త" అని బయటికి వెళ్లింది. కాసేపటికి బుడగలు ఎగిరి ద్రవం బయటికి చిందింది. నాకు సిలిండర్ అంటే మొదటి నుంచీ భయం. వాల్వ్ కట్టేశాను. పిలవచ్చు, పిలవలేదు. ఆమె చెప్పుల చప్పుడు వినగానే మళ్లీ తిప్పాను. ఆమె వచ్చేసరికి బుడగలు వస్తూనే ఉన్నాయి.

ఎంజైమ్ వేసి కొలిస్తే తెర మీద గీత ఒక చోట నిండుగా వంగింది. చిన్నమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "చూసినవా? ఇచ్చింది! బ్రోకర్ లేకుండ ఇచ్చింది!" అంటూ నా తల మీద చెయ్యి వేసింది. చెయ్యి కాలిపోతోంది. మధ్యలో వాల్వ్ కట్టేశానని, ఆ వంపు మిగిలిన ఆక్సిజన్‌దే కావచ్చని అప్పుడే చెప్పాల్సింది. రేపు మళ్లీ చేస్తే అదే బయటపడుతుంది కదా అనుకున్నాను. ఆమె కూడా, "రేపు ఇంకో రెండుసార్లు చూద్దాం" అని రీడింగ్ రాసుకుంది. ఆ రాత్రే దవాఖానలో చేర్చారు.

మొన్న సార్ ఇంటికి వచ్చి అమ్మతో, "ఆమె చివరి రీడింగ్ ల్యాబ్ కంప్యూటర్ల చూసిన. దాన్ని ఆమె పేరు మీద అచ్చు వేయిస్తనమ్మా. ఆరేండ్ల కష్టం ఊకె పోవద్దు" అన్నారు. అప్పటి నుంచి అమ్మ వచ్చినవాళ్లందరికీ, "మా చెల్లె ల్యాబ్‌ల చివరి రోజు కనిపెట్టింది" అని చెబుతోంది. అది చెప్పేటప్పుడు మాత్రమే ఏడుపు ఆపుతుంది. నేను నోరు విప్పితే అమ్మకు అది కూడా ఉండదు. విప్పకపోతే, ఒక్కసారి వచ్చినదాన్ని నమ్మని మనిషి పేరు మీద నా తప్పు అచ్చవుతుంది. మీలో ఎవరో ఒకరు దాన్ని మళ్లీ చేసి చూస్తారు. రాదు. అప్పుడు చిన్నమ్మనే తప్పంటారు.

తలుపు తడుతున్నారు.

"బిడ్డా, సార్ వచ్చిండు. చిన్నమ్మ నోట్‌బుక్ అడుగుతుండు. ఏం చేస్తున్నవ్ లోపట?"

"వస్తున్నమ్మా, ఒక్క నిమిషం."

ఈ రాసినవి పరుపు కింద పెడితే అమ్మకు దొరుకుతాయి. అమ్మ ఇప్పుడే చదవకూడదు. చిన్నమ్మ నోట్‌బుక్‌లో చివరి రీడింగ్ రాసిన పేజీలోనే ఈ కాగితాలు పెడుతున్నాను. సార్ ముందు తెరిచేది అదే. పెట్టి చూస్తే అట్ట సరిగ్గా మూసుకోవడం లేదు, మధ్యలో కొంచెం లేచే ఉంటోంది.