ఔ సారూ

ఆయన నోట ‘ఔ’ అన్న మాట మర్యాదకొద్దీ వచ్చేది, ఒప్పుకోలుగా కాదు. ఇస్త్రీ చొక్కా మనిషి ఏమడిగినా చేతులు కట్టుకుని “ఔ సారూ” అనేవాడు. కూలి పని, మెడలో తులసిమాల, ఊరి భజనలో తాళాలు వాయించడం, అంతే ఆయన బతుకు. కల్లు కూడా ముట్టడు.

ఒకసారి సంతలో తాగి కొట్లాడినవాళ్లు పారిపోయారు. పక్కన నిలబడ్డ ఈయన పోలీసులకు దొరికాడు. తాగి గొడవ చేశాడని చిన్న కేసు పెట్టారు. “తప్పు ఒప్పుకుంటున్నావా?” అని మేజిస్ట్రేటు అడిగితే, “ఔ సారూ” అన్నాడు. రెండు నిమిషాల్లో జరిమానా పడింది.

తీర్పు కాగితం పట్టుకుని గద్వాలలో వకీలునైన నా దగ్గరికి వచ్చాడు.

“పైసలు పోతే పోనీ సారూ. తాగినోడన్న మాట కొట్టేయించుండ్రి. భజనోళ్లు నా తాళాలు గుంజుకున్నరు.”

“నేరం ఒప్పుకున్నవ్ గదా! శిక్ష ఎక్కువైందని పైకోర్టుల అడగొచ్చు గని, తప్పు చెయ్యలేదని అడగనీకి రాదు. దానికి అప్పీలు లేదు.”

“నేనెప్పుడు ఒప్పుకున్న? గంత పెద్దసారు అడుగుతుంటే ఔ అనకుంటె ఎట్ల?”

దానికి ఏదో సెక్షన్ ఉన్నట్టు చట్టం పుస్తకం తిరగేశాను, సిగ్గులేకుండా.

మొన్న బస్టాండులో కనిపించాడు. మెడలో మాల లేదు.

“మీ ఊరికేనా?” అని పలకరించాను.

నన్ను గుర్తుపట్టాడు. చేతులు మాత్రం కట్టుకోలేదు.

“కాదు సారూ” అని, వాళ్ల ఊరి బస్సే ఎక్కాడు.