రంగన్న ఆపరేషన్ తేదీ

నా నోరు మంచిది కాదు. పామిడి చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లు నర్సుగా చేశాను. సూదికి భయపడి గడ్డివాముల వెనక దాక్కున్న మొగవాళ్లను కూడా రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. కృపాకుమారి వస్తోందంటే పిల్లలకన్నా పెద్దలే ఎక్కువ జడుసుకుంటారని చెప్పుకునేవాళ్లు. అలాంటి నేను ఒక్క మనిషిని బస్సెక్కించలేకపోయాను.

ఆ మనిషి రంగన్న. ఏడెకరాల ఎర్రనేల, ఒక జత ఎద్దులు, భార్య తిరుపాలమ్మ. పిల్లల్లేరు. అక్క ఓబమ్మ కూడా వాళ్లింట్లోనే ఉండేది. తొంభై ఎనిమిదిలో ఓబమ్మ మెడ మీద గడ్డ లేచింది. గొంతు దగ్గర గడ్డంటే అప్పట్లో నాకు తెలిసింది ఒకటే, అయోడిన్ తక్కువని. ఉప్పు ప్యాకెట్లు ఇచ్చాను. విరేచనాలు పట్టుకుంటే బోరు నీళ్ల వల్ల అన్నాను. నొప్పి లేదు కదా అని వాళ్లూ ఊరుకున్నారు. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఐదేళ్లయింది, జబ్బు కాలేయం దాకా పాకింది. థైరాయిడ్‌కు వచ్చే క్యాన్సర్లలో అదొక రకమట, మెడుల్లరీ అంటారట, ఆ విరేచనాలూ దానివల్లేనట. ఆ ఉప్పు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఓబమ్మ పోయింది. ఇది రక్తసంబంధంలో దిగే జబ్బని అక్కడి డాక్టరమ్మ నాకు చెప్పింది. ఒకప్పుడు గడ్డ కనిపిస్తేగానీ తెలిసేది కాదు, తెలిసేసరికి చెయ్యి దాటిపోయేది. ఇప్పుడు గడ్డ లేవకముందే రక్తపరీక్షలో పట్టుకోవచ్చు, తమ్ముణ్ని తీసుకురమ్మంది. రంగన్నను తిట్టి, బతిమాలి, రెండు వేల ఆరు మాఘంలో తీసుకెళ్లాను. అతనికీ ఉందని తేలింది. బయటికి ఏమీ లేదు, లోపల ఇప్పుడిప్పుడే మొదలైంది. గ్రంథి మొత్తం తీసేస్తే బతుకుతాడు, రోజూ మాత్ర మింగితే చాలు అన్నారు. జూన్ పద్నాలుగుకు ఆపరేషన్ తేదీ ఇచ్చారు.

పన్నెండో తేదీ సాయంత్రం వాన పడింది.

మా నేల తెలియనివాళ్లకు చెప్పాలి. ఎర్రనేలలో విత్తడానికి సరిపోయే తడి, అదే పదును, మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆలోగా విత్తనం పడకపోతే ఆ ఏడాది చేను బీడే. పదును మీద మా ఊళ్లో పెళ్లిళ్లే ఆగుతాయి. శవం లేచిన ఇంట్లో కూడా మధ్యాహ్నానికి విత్తే గొర్రు కడతారు. పదమూడు పొద్దున నేను సంచీ సర్దుకుని వెళ్లేసరికి రంగన్న చేలో ఉన్నాడు. తిరుపాలమ్మ గొర్రు వెంట నడుస్తూ వేరుశనగ విత్తనం వదులుతోంది, తల ఎత్తలేదు. గట్టు మీద నిలబడి గొంతు పోయేలా అరిచాను. చుట్టుపక్కల చేలవాళ్లు నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"ఆసుపత్రి యాడికీ పోదు నర్సమ్మా, పదును పోతాది," అన్నాడు రంగన్న.

పైరు పూత దాకా వచ్చి మళ్లీ చినుకు లేక మాడిపోయింది. ఆలుమగలు బెంగళూరుకు కూలికి పోయారు. పండక్కి వచ్చినప్పుడల్లా పట్టుకుని తిట్టేదాన్ని. మెడ తడిమి చూపించి నవ్వేవాడు. లేని గడ్డకు గొంతు కోయించుకొమ్మంటావేమని వాదించేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఏం చేయను? జబ్బు కంటికి కనపడదు, మాడిన చేను కనపడుతుంది.

రెండు వేల ఎనిమిది ఉగాదికి తనంతట తనే మా ఇంటికి వచ్చాడు. మెడకు ఎడమ పక్కన నిమ్మకాయంత గడ్డ. వేలూరులో ఆ డాక్టరమ్మే చూసింది. ఎముకల్లోకీ పోయింది, ఇక కోసి లాభం లేదంది.

తిరుగు బస్సులో ఆలుమగలు, నేను ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. రంగన్న అడిగాడు.

"నర్సమ్మా, ఆ పొద్దు నీతో వచ్చింటే బతికేటోణ్ణా?"

ఎవరి మొహమూ చూడకుండా నిజం చెప్పేదాన్ని నేను. తిరుపాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నా వైపే చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

"లేదప్పా. అప్పటికే పాకిపోయింది. నువ్వొచ్చినా ఒకటే," అన్నాను.

రంగన్న వెనక్కి వాలి ఊపిరి వదిలాడు.

"విన్యావా," అన్నాడు భార్యతో. "ఇత్తనమేసి మనం తప్పు చేయలేదు."