పిల్లమ్మ పట్టిన పసుపుకాళ్లు

మా అవ్వ పిల్లమ్మ నలభై ఏళ్లుగా హూడిలో చీరలకు ఫాల్స్ కుడుతోంది. అందుకే మనుషుల ముఖాలు ఆమెకు గుర్తుండవు, కుచ్చిళ్ల అంచులే గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూసి, తర్వాత పేరు పెట్టి పిలుస్తుంది.

మా మామ దీపక్ మోజు తీరి పక్కన పడేసిన కెమెరా చేతికొచ్చాక, చెరువులో పక్షులనూ అలాగే కాళ్ల నుంచి చూడసాగింది. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చి బురదలో పొడుచుకు తినే పిట్టలన్నీ నా కంటికి ఒకే మట్టిరంగు. ఆమెకు మాత్రం ఎర్రకాళ్లది వేరు, ఆకుపచ్చకాళ్లది వేరు, నల్లకాళ్లది వేరు.

ఈ చలికాలం పిచ్చుకంత పిట్ట ఒకటి కనబడితే, "ఇది పసుపుకాళ్లది, టెమ్మింక్స్ స్టింటు" అంది. చెరువు పక్షుల జాబితా రాసే హేమంత్‌కుమార్ బైనాక్యులర్‌లో చూసి పెదవి విరిచాడు.

"నల్లకాళ్లే కదవ్వా. లిటిల్ స్టింటు. మామూలుదే."

"అది బురదప్పా. కడుక్కోనీ, చూద్దువు."

"ఆదివారం జాబితా పంపేస్తా. అంతలో ఫోటో తెస్తే నీ పేరుతోనే రాస్తా."

అవ్వ పేరు అప్పటిదాకా రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా ఎక్కలేదు. మూడు రోజులు పొద్దున్నే ఆమెను స్కూటర్ మీద దింపాను. పీయూసీ పరీక్ష రెండుసార్లు తప్పినదాన్ని, ఇంట్లో తీరిక నాకే ఉంది. పిట్ట బురద వదల్లేదు. "ఎంత సోమరిదానివే, కాళ్లు కడుక్కోవా" అని అవ్వ దాన్ని తిడుతూ నావైపు చూసేది.

ఆదివారం అది తేటనీళ్లలోకి దిగింది. అవ్వ ఊపిరి బిగబట్టి ఒక్క ఫోటో తీసింది. పిట్ట ఎగిరిపోయింది.

హేమంత్ కెమెరా తెర మీద చూశాడు. పసుపుకాళ్లు గోళ్లతో సహా స్పష్టంగా ఉన్నాయి. పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఫోటో అయిపోయింది.

"కాళ్లు పసుపే, ఒప్పుకుంటా. పైన పిట్ట ఎక్కడుండాదవ్వా?"

నాకు నవ్వు ఆగలేదు. "నువ్వు నోర్మూసుకోవే" అని అవ్వ కెమెరాను తలకిందులు చేసి అతని చేతిలో పెట్టింది.

"ఫాల్ చూడాలంటే చీర తిరగేయాలప్పా."

కాళ్ల కింద నీళ్లలో పిట్ట నీడ మొత్తం పడి ఉంది. ముక్కు, కన్ను, బూడిదరంగు రొమ్ము, అన్నీ.

హేమంత్ ఫోన్ తీసి, జాబితాలో "పిల్లమ్మ, హూడి" అని కొట్టాడు. అవ్వ ఆ రెండు మాటలూ నా చేత రెండుసార్లు చదివించుకుంది. తర్వాత అతని కాళ్లవైపు చూసింది.

"నీ ప్యాంటు మడత ఊడిపోయుండాదప్పా. రేపు తీసుకురా, కుట్టి ఇస్తా."

రెండేళ్లుగా వారం వారం కలిసే మనిషి. అతనికి గడ్డం ఉందని ఇంటికొచ్చాక నేను చెబితే అవ్వ నమ్మలేదు.